అంతయ్య మొక్కు, షేరు పథ్యం

మా ఎల్బీనగర్ అంతయ్య మీసం ఎంతటిదంటే, ఆయన తుమ్మితే అక్కడ దిల్‌సుఖ్‌నగర్‌లో ఇడ్లీ బండ్ల మీది ఆవిరి చెదిరిపోతుంది. నేను కాన్వెంటులో చదివినవాణ్ణి. అబద్ధమాడితే సిస్టర్లు స్కేలుతో కొట్టేవారు. అందుకే తగ్గించి చెబుతున్నాను.

అంతయ్య తాతల జొన్నచేలు ఎప్పుడో కాలనీలైపోయాయి. భూమి పోయినా పెద్దరికం పోలేదు. బోనాలకు యాటను కోస్తే మాంసాన్ని పోగులు వేసేది ఆయనే. అన్నదమ్ములకు తలా ఒక పోగు, ఆడపడుచులకు ఒకటి, చివరి పోగు షేరుకు. షేరు ఆయన కుక్క. కానీ ఆ మాట ఆయన ముందు అనకూడదు, ‘చిన్నోడు’ అనాలి.

ఏటా చిన్నోడి పోగును అంతయ్య భార్య తిరుపతమ్మ ఉడికించి పెట్టేది. ఈసారి అంతయ్య ఫోన్లో ఏదో వీడియో చూశాడు. పచ్చిమాంసం పెడితే కుక్క వెంట్రుక పట్టులా మెరుస్తుందట.

“పులికెవడు కుక్కర్ పెడుతుండే?” అన్నాడు.

“పులి నీ మంచమెక్కి పంటదా? షేరుగాడు పచ్చి కూర తిన్న మూతితోనే నీ మొకం నాకుతడు. జర సోంచాయించు,” అన్నది తిరుపతమ్మ.

ఆయన సోంచాయించలేదు. మిగిలిన మాంసాన్ని ఫ్రీజర్లో దాచి మరీ రోజూ పచ్చిదే పెట్టాడు.

వారం తిరక్కముందే షేరు మూలన పడ్డాడు. వాంతులు, విరేచనాలు. పిలిస్తే తోక కూడా కదపలేదు. అంతయ్య వాణ్ణి కొత్త తువ్వాలులో చుట్టి ఆటో ఎక్కించాడు. తిరుపతమ్మ, నేను కూడా ఎక్కాం. కొత్తపేటలో పశువుల డాక్టరు అరుణజ్యోతి గారు సెలైన్ పెట్టారు.

“పచ్చిమాంసం పెట్టారా?”

“తాజాదే డాక్టరమ్మా. మిగిలింది ఫ్రీజర్ల పెట్టిన.”

“తాజా మాంసంలోనూ క్రిములుంటాయండి. ఫ్రీజర్లో పెడితే చావవు, ముడుచుకుని పడుకుంటాయి. బాగా ఉడికిస్తేనే చస్తాయి. వీడికే కాదు, ఆ గిన్నె ముట్టుకున్న మీకూ ప్రమాదమే.”

“బతుకుతడా?”

“రేపటి దాకా ఏమీ చెప్పలేనండి.”

అంతయ్య మీసం గడియారం ముళ్లలా ఆరున్నర దగ్గరికి వాలిపోయింది. దవాఖాన మెట్ల మీద నిలబడి చేతులెత్తాడు. “ఎల్లమ్మ తల్లీ! వీడు లేస్తే, మళ్ల బోనాల దాక వాడేం తింటే నేను గదే తింట!”

వెనకే తిరుపతమ్మ ఉంది. అంతా విన్నది.

తెల్లవారి షేరు లేచి అంతయ్య చెప్పు కొరికాడు. ఆయన ఆనందంతో రెండో చెప్పు కూడా ఇచ్చేశాడు. అప్పుడు డాక్టరు గారు పథ్యం చెప్పారు. “మెత్తగా ఉడికించిన కోడిమాంసం, అన్నం. ఎముకలు వద్దు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వద్దు. వాడి గిన్నె వేరుగా కడగండి. చేతులూ సబ్బుతో కడుక్కోండి.”

తిరుపతమ్మ ముఖం వెలిగిపోయింది. “ఉప్పు తగ్గియ్యమని బీపీ డాక్టరు ఏండ్ల సంది మొత్తుకుంటుండు, ఇనలే. ఎల్లమ్మ ఒక్కపూటల ఇనిపిచ్చింది.”

ఆ రోజు నుంచి ఇద్దరికీ ఒకే వంట, వాడికి గిన్నెలో, ఈయనకు కంచంలో. షేరు తనది ఊడ్చేసి అంతయ్య కంచం వైపు చూసేవాడు. అంతయ్య ఆవకాయ జాడీ వైపు చూసేవాడు. నేను పక్కనే కూర్చుని తలకాయ కూర తినేవాణ్ణి. మిత్రుడి కష్టంలో తోడుండాలి కదా.

కొన్నాళ్లకు మళ్లీ చూపించడానికి వెళ్లాం. డాక్టరు గారు షేరు వీపు నిమిరారు. “బాగా కోలుకున్నాడు. రోజూ ఈ వంట ఎందుకండి? ఉత్త కోడికూర అన్నంతో అన్ని పోషకాలూ అందవు. ప్యాకెట్లో గట్టి బిళ్లలుగా వచ్చే కుక్కల ఆహారం రాసిస్తాను.”

మొక్కు సంగతి పాపం ఆవిడకు తెలియదు. అంతయ్య కుర్చీలోంచి ఎగిరి దణ్ణం పెట్టాడు. “నీ కాళ్లు మొక్కుత డాక్టరమ్మా, గది రాయకు! గా బిళ్లలు నమలనీకి నావి కట్టుడు పండ్లు!”

డాక్టరు గారు అయోమయంగా తిరుపతమ్మ వైపు చూశారు.

“మీరు రాయుండ్రి డాక్టరమ్మా,” అన్నది తిరుపతమ్మ. “నేను నానబెట్టి పెడత.”