ఆరబెట్టిన మోకాలు

“నవ్వకే పిల్లా! నిజంగానే తట్టి చూసుకున్నాను,” అన్నాడు టైల్స్ మేస్త్రీ, మంచం మీద చాచిన కుడికాలిని బెదురుగా చూసుకుంటూ. “పరిచిన పలకని రబ్బరు సుత్తితో తడితే డొల్ల మోత వచ్చిందంటే, కింద సిమెంటు అంటలేదని. పీకి మళ్ళీ వెయ్యాల్సిందే. నా మోకాలి చిప్పా అలాగే మోగింది.”

“మోకాలిని సుత్తితో కొట్టుకున్నావా మామయ్యా!” అంది పలకరించడానికి వచ్చిన మేనకోడలు.

“మెల్లిగానేలే.”

“బుర్ర తట్టి చూసుకోవాల్సింది. ఇంకా బాగా మోగేది,” అంది వంటగదిలోంచి అతని భార్య.

మేస్త్రీకి నవ్వు రాలేదు. మీసం రాకముందు నుంచీ అతనికి అన్నం పెట్టింది ఆ మోకాళ్ళే. ఒక పెద్ద హాలు గడువులోపు ముగించాలని వాటి మీదే పాకి పాకి పనిచేశాక, చిప్ప చుట్టూ నొప్పి పట్టుకుంది. మెట్లు దిగేటప్పుడు మరీనూ. ఆపరేషన్ అంటారేమో, చిప్ప తీసేస్తారేమో, ఆ తర్వాత పనిలోకి ఎవడు పిలుస్తాడు? గుండె గుప్పిట్లో పెట్టుకుని తన వైద్యం తనే మొదలెట్టాడు. కొత్తగా పరిచిన నేల ఆరేదాకా ఎవర్నీ అడుగు పెట్టనివ్వడు కదా, కాలినీ అలాగే ఆరబెట్టాడు. గుడ్డ బిగించి కట్టి వారాల తరబడి కదపలేదు. తీరా లేచి నిలబడితే నొప్పి రెట్టింపైంది. తొడ చిక్కి పుల్లయింది.

చివరికి నిన్న భార్య తన భుజం ఆసరా ఇచ్చి మేడ మెట్లు దింపి, ఆస్పత్రికి ఈడ్చుకెళ్ళింది.

“డాక్టరమ్మ నొక్కి, వంచి, గొంతుక్కూర్చోబెట్టి చూసింది. ఎముకకేం కాలేదంది. మోకాలు వంచినప్పుడల్లా చిప్ప ఒక గాడిలో జారుతుందట. ఉన్నట్టుండి పని ఎక్కువైతే దాని చుట్టూ నొప్పెడుతుందట. తొడ కండ, పిరుదు కండ గట్టిగా ఉంటే ఆ భారం అవి పంచుకుంటాయట. ‘కాలు సిమెంటు కాదు పెద్దాయనా, ఆరబెడితే గట్టిపడదు, వాడితేనే గట్టిపడుతుంది’ అంది. తొడ బిగించి కాలెత్తే కసరత్తు చూపించింది. కొన్నాళ్ళు మోకాళ్ళ మీద కూర్చోవద్దుగానీ, నడవమంది, కాస్త కాస్తగా మెట్లు దిగమంది. కొంచెం నొప్పి వచ్చినా మర్నాటికి తగ్గితే భయం లేదట.”

“మరింకేం మామయ్యా?”

“భయం లేదని ఆవిడంది. నా కాలు ఒప్పుకోవద్దూ!”

మేస్త్రీ లేచి, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. కింద వీధిలోకి మెట్లు నూతిలోకి దిగుతున్నట్టున్నాయి. ఇవాళ తనంతట తాను దిగకపోతే ఇక ఎప్పటికీ దిగలేనని అతనికి తెలుసు.

“పిల్లా, నువ్వు ముందు దిగి కింద నిలబడవే. పట్టుకోవద్దు. పడిపోతానన్నట్టు మొహం పెట్టొద్దు. ఏదో ఒకటి వాగుతూ ఉండు చాలు... వెళ్ళు, మీ అత్తయ్య రాకముందే వెళ్ళు.”