ఆళ్లగడ్డలో ఒక దొంగ ఆర్డరు

అసూయ మనిషిని ఎంత దూరమైనా తీసుకుపోతుందంటారు. నన్ను ఆళ్లగడ్డ దాకా ఈడ్చుకెళ్లి నిలువునా ముంచింది. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

మా సారు దగ్గర పీహెచ్‌డీ చేసేది ఇద్దరం, నేనూ ఎస్తేరూ. ఇద్దరిదీ ఒకటే గోల: ఫోనూ ఇంటర్నెట్టూ వచ్చాక చిన్న వ్యాపారాలు ఎలా ఎదుగుతున్నాయి? ఎస్తేరు నంద్యాలలో ఇంట్లోనే కేకులు చేసి అమ్మే ఒక అక్కను ఎంచుకుంది. నేను ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఓబులేసన్నను ఎంచుకుని, ఆయనకు ఆన్‌లైన్‌లో పేజీ పెట్టించాను. అక్క కేకు ఫోటో పెడితే సాయంత్రానికి ఆర్డర్లు. అన్న నంది ఫోటో పెడితే "ఓం నమశ్శివాయ" అని కామెంట్లు. దండం పెట్టేవాళ్లే గానీ కొనేవాళ్లు లేరు.

సారేమో చీటికీ మాటికీ, "ఎస్తేరును చూసి నేర్చుకో రమణా" అనేవారు. ఆ మాటకు నా కడుపు ఎండాకాలం నాపరాయిలా కాలేది.

ఆ మంటలోనే బెంగళూరు వ్యాపారినంటూ దొంగ ఖాతా తెరిచి, "పోయిన మా నాయన విగ్రహం కావాలి" అని అన్నకు మెసేజ్ పెట్టాను. సారుకు చూపించుకుని, రెండ్రోజుల్లో వద్దనేద్దామని నా పథకం. తొలి గిరాకీ సంబరంలో అన్న అడ్వాన్సు కూడా అడగలేదు, ఫోటో అడిగాడు. బతికున్న మా నాయన ఫోటో పంపడానికి నాకు చెయ్యి రాలేదు. ఫోన్లో కనబడిన ఇంకో పెద్దమనిషి ఫోటో పంపేశాను.

అది మా సారుది. ఆయన ఆళ్లగడ్డకు ఎందుకొస్తారు లే!

ఫోటో దాచి ఆర్డరు చూపిస్తే సారు "భేష్ రమణా!" అన్నారు. ఎస్తేరు ముఖం చిన్నబోయింది. అబ్బ, ఎంత హాయి! ఆ హాయిలో రద్దు సంగతి రేపూ ఎల్లుండీ అంటూ నెల దాటించాను. ఒక పొద్దున సారు, "పద, మీ శిల్పిని చూసొద్దాం. ఎస్తేరూ, నువ్వూ రామ్మా" అన్నారు.

పక్కకెళ్లి అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, ఆ బెంగళూరోళ్ల బొమ్మ యాడన్నా దాచిపెట్టు!"

"ఏందప్పా దాచేది? అన్నిట్లోకీ అదే బాగొచ్చింది. మీ సారుకు ముందు దాన్నే చూపిస్తా."

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదొచ్చేమో గానీ, దొంగ ఖాతా పట్టుకుని పీహెచ్‌డీ ఈదలేమని కారులో కూర్చున్నాక తెలిసింది.

మా సారు కారు దిగగానే ఓబులేసన్న నోరెళ్లబెట్టాడు.

"సార్, మీకు కవలన్న ఉండెనా?"

"లేడే. ఏం?"

"మరి బెంగళూరులో పోయినాయన ఎవరు సార్?" అంటూ బొమ్మ మీద కప్పిన పట్టా లాగాడు.

నల్లరాతిలో మా సారు! అదే ముక్కు, అవే కళ్లద్దాలు. కింద "స్వర్గీయ" అని చెక్కి, పేరు కోసం జాగా వదిలాడు.

సారు ఆ ముక్కును తడిమి, తన ముక్కును తడుముకుని, నావైపు తిరిగారు.

"రమణా, నేనెప్పుడు పోయాను?"

"సార్... ఎస్తేరు కంటే ముందుండాలని..." అని మొత్తం కక్కేశాను.

ఓబులేసన్న ఉలి కింద పెట్టేశాడు. "అంటే నాకు గిరాకీ రానేలేదా? ఇన్నాళ్లూ ఉత్తదానికి చెక్కతాండానా?"

సారు తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. తల ఎత్తలేకపోయాను.

ఎస్తేరు మాత్రం నవ్వాపుకోలేక, "సార్, దాని పక్కన నిలబడండి" అని ఫోటో తీసి, 'బతికుండగానే మీ బొమ్మ' అని అన్న పేజీలో పెట్టేసింది. వారం తిరక్కముందే సంజామల నుంచి ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు ఫోన్ చేశాడు: "నాది గూడా చెక్కుతావా అప్పా? మీసం రోంత పెద్దది పెట్టు." తర్వాత ఒకరి వెనక ఒకరు. ఓబులేసన్న నాతో మళ్లీ మాట్లాడాడు. మా సారు "స్వర్గీయ" చెరిపించి బొమ్మను ఇంటికి తీసుకుపోయారు, ఖరీదు మాత్రం నా స్టైపెండులోంచే. ఆ గిరాకీ కథంతా ఎస్తేరు థీసిస్‌లో చివరి అధ్యాయమైంది. ఆమె డాక్టర్ ఎస్తేరు అయింది. నా కడుపు ఇంకోసారి కాలింది.

అందుకే మహానందీశ్వరుడి మీద ఒట్టేసి చెబుతున్నాను: నా థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన మనిషిని, ఆ సంతకం పడేదాకా, చచ్చినా స్వర్గానికి పంపను.