అడగకుండా అమ్మని ఫొటో

అమెరికాలోని పిస్కాటవేలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసే వసుమతికి సెలవురోజుల్లో ఫొటోలు తీయడం సరదా. పూలూ కాదు, పుట్టినరోజు పార్టీలూ కాదు, ఉత్తుత్తి యుద్ధాలు. రెండొందల ఏళ్ళ కిందట అమెరికావాళ్ళు ఇంగ్లీషువాళ్ళతో చేసిన యుద్ధాల్ని అక్కడ కొందరు మళ్ళీ ఆడి చూపిస్తుంటారు. బ్యాంకు ఉద్యోగులూ, స్కూలు టీచర్లూ ఆనాటి కోట్లు కుట్టించుకుని, పొడుగు తుపాకులు పట్టుకుని, మైదానాల్లో గుడారాలు వేసుకుంటారు. 1978 వేసవిలో భర్త రామమోహన్‌తో కారులో వెళ్తూ ఆ తుపాకుల పొగ చూసి ఆగిన వసుమతి, కొద్దిరోజులకే ఒక సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనేసింది.

"అక్కడ ఏముందే అంతగా?" అని తెలుగు స్నేహితురాళ్ళు అడిగితే నవ్వేది.

"మన వీధి నాటకం లాంటిదే. కాకపోతే చచ్చిపోయినవాళ్ళు లేచొచ్చి మన పక్కన కూర్చుని కోక్ తాగుతారు."

బేస్‌మెంట్‌లో ఒక మూల డార్క్‌రూమ్ అమర్చుకుంది. ఫొటోలు బాగున్నాయని వేషాలు వేసినవాళ్ళే కొనుక్కోవడం మొదలుపెట్టారు. అమ్మే విషయంలో మాత్రం ఆవిడ చాలా పట్టింపు మనిషి. ఫొటోలో ఉన్న మనిషికి ముందు చూపించాలి. సరేనంటేనే ఇంకొకరికి అమ్మాలి. పిల్లలుంటే అమ్మానాన్నల్ని అడగాలి. ఒకసారి జనరల్ వేషం వేసినాయన విగ్గు ఊడి బురదలో కూర్చుండిపోతే, ఆ ఫొటో కోసం అతని స్నేహితులంతా ఎగబడ్డారు. ఆయన సిగ్గుపడటం చూసి వసుమతి ప్రింటూ నెగెటివ్ రెండూ ఆయన చేతిలోనే పెట్టేసింది.

1980లో ఒక యుద్ధం ముగిసి పొగ విడుతున్నప్పుడు ఆమెకొక దృశ్యం కనిపించింది. గడ్డిలో పడున్న కుర్ర సైనికుడి పక్కన, తెల్ల టోపీ, చారల శాలువా వేసుకున్న ఒకావిడ మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తోంది. వసుమతి ఒక్కసారే క్లిక్ చేసింది. రీలు మార్చుకుని తలెత్తేసరికి ఆవిడ లేదు.

ఇంటికొచ్చి కడిగిన ప్రింట్ చూస్తూ అలాగే నిలబడిపోయింది. అది వేషం కోసం ఏడ్చిన ఏడుపు కాదు.

ఆ నెలలోనే ఒక క్యాలెండర్ కంపెనీ ఎడిటర్ ఫొటోలు చూడటానికి ఇంటికొచ్చాడు. టేబుల్ మీద ఉన్నవన్నీ పక్కకు నెట్టి, దండేనికి వేలాడుతున్న ఆ ఫొటో దగ్గర ఆగిపోయాడు.

"ఇది ఇవ్వండి. కవర్ మీద వేస్తాం. కింద మీ పేరు."

"ఆవిడెవరో తెలీదండీ. అడగాలి."

"అందరూ చూస్తుండగా పార్కులో తీసిందే కదా? చట్టప్రకారం ఏ ఇబ్బందీ లేదు."

"చట్టం సంగతి కాదు. ఆవిడ ఏడుస్తోంది."

అతను వెళ్ళిపోయాక రామమోహన్ మెల్లగా అన్నాడు. "వసూ, నీ పేరు అచ్చులో చూసుకోవాలని నీకెంత ఆశో నాకు తెలుసు. ఆవిడ ఎప్పటికి దొరకాలి?"

"దొరికినప్పుడే ఇద్దాం లెండి."

అప్పట్నుంచి ఏ మైదానానికి వెళ్ళినా ఆమె కళ్ళు ముందు ఆడవాళ్ళ గుడారాల వైపు పోయేవి. ఏడుస్తున్న మొహాన్ని పదిమందికీ చూపించి ఈమె తెలుసా అని అడగడం ఆమెకు మనసొప్పలేదు. అందుకని ఒక ప్రింట్ కత్తిరించి శాలువా, మోచెయ్యి వరకే మిగిల్చి, దాన్ని పట్టుకుని తిరిగేది. చాలామంది తల అడ్డంగా ఊపేవారు. ఈలోగా అదే కంపెనీ ఆమె తీసిన ఇంకో ఫొటో వేసింది. డోలు వాయించే ముసలాయనది. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. కింద ఆమె పేరు కూడా పడింది. రామమోహన్ స్నేహితుల్ని భోజనానికి పిలిచి అందరికీ చూపించాడు. వసుమతీ సంతోషపడింది. కానీ మర్నాటికే మళ్ళీ శాలువా ముక్క తీసి పర్సులో పెట్టుకుంది.

చివరికి 1984లో, పెన్సిల్వేనియాలో ఒక శిబిరంలో ఉన్ని వడికే పెద్దావిడ ఆ ముక్కను వెలుతురుకి పట్టి చూసింది. "ఈ అంచు మార్జరీ నేసింది. అదిగో, పొయ్యి దగ్గరున్న ఆవిడే."

మార్జరీ వెంట్రుకలు అప్పటికే కొంచెం నెరిశాయి. వసుమతి తనెవరో చెప్పి, కవరు అందించి, "మీరొక్కరే చూడండి" అంది. ఆవిడ గుడారంలోకి వెళ్ళింది. చాలాసేపటికి బయటికొచ్చి వసుమతి పక్కన గడ్డిలో కూర్చుంది.

"మా తమ్ముడు డెన్నిస్ వియత్నాంలో పోయాడు. శవపెట్టె మూసే పంపించారు, తెరవొద్దన్నారు. ఆ రోజు గడ్డిలో పడుకున్న కుర్రాడి జుట్టు అచ్చం వాడి జుట్టులాగే ఉంది. ఆపుకోలేకపోయాను." ఫొటోని మళ్ళీ కవర్లో పెడుతూ, "దీన్ని అమ్మకండి" అంది.

"అమ్మను. నెగెటివ్ కూడా ఆ కవర్లోనే ఉంది. మీ దగ్గరే ఉంచుకోండి."

మార్జరీ ఆమెకేసి వింతగా చూసింది. "కాదంటానని అనుకోలేదా? ఒక్క మాట కోసం ఇన్నేళ్ళు వెతికారా?"

అనుమతి కోసమనే వసుమతి అందరికీ చెప్పేది. తనూ అదే అనుకునేది. ఇప్పుడది పూర్తి నిజం కాదనిపించింది.

"నా చిన్నప్పుడు మా అక్క జ్వరంతో పోయింది" అంది. "ఒక్క ఫొటో కూడా లేదు. మొహం గుర్తులేదు. మీరు మా అక్కలా ఉంటారని కాదు, ఏమీ పోలిక లేదు. ఆ రోజు నన్ను పక్కింట్లో కూర్చోబెట్టేశారు. నేనొచ్చేసరికి ఇల్లంతా కడిగేసి ఉంది. మా అమ్మ ఏడవడం నేను చూడలేదు. తర్వాత మా ఇంట్లో ఎవరూ అక్క పేరెత్తలేదు. మీ ఫొటో చూసినప్పుడు, మా ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఇలా ఏడ్చే ఉంటారు కదా అనిపించింది."

"ఆమె పేరేంటి?"

"జయంతి."

"జ-యాన్-టీ" అంది మార్జరీ కష్టపడి. సరిగ్గా రాలేదని తనకే తెలిసి మళ్ళీ అంది. అక్క పేరు ఇంకొకరి నోట విని ఎన్నేళ్ళయిందో వసుమతికి. దిద్దాలనిపించలేదు. ఇంకోసారి అంటే బాగుండుననిపించింది.

తిరుగుదారిలో కారు నడుపుతూ రామమోహన్ అడిగాడు. "ఒప్పుకుందా?"

"లేదు. నెగెటివ్ కూడా ఇచ్చేశాను."

"అయ్యో" అన్నాడతను. కాస్త దూరం పోయాక ఆమె మొహం చూసి రేడియో ఆపేశాడు.

"ఏమండీ, మా జయంతక్క గురించి మీకెప్పుడూ చెప్పలేదు కదూ?"

"ఉండేదని తెలుసు, అంతే. ఎలా ఉండేది?"

వసుమతి చెప్పింది. పొడుగు జడ ఉండేదనీ, చింతకాయలు ఉప్పద్దుకుని తినేదనీ, పాడుతూ మధ్యలో చరణం మర్చిపోతే ఏదో ఒకటి కల్పించి పాడేసేదనీ. ఇంకేదో ఉండాలి అనుకుని కళ్ళు మూసుకుని వెతుక్కుంది. తనకు గుర్తున్నదంతా చెప్పేసింది. ఇంటికి సగం దారిలో ఉండే డెలావేర్ నది బ్రిడ్జి రాకముందే ఆ కాస్తా అయిపోయింది.