నూకరత్నం చెప్పిన ఫ్రాన్సు దొరబాబు కథ

మా చిన్నప్పుడు తెప్పలు ఒడ్డుకి లాగేశాక, పిల్లలందరూ ఇసకలో ఒక్కరి చుట్టూ మూగేవారు... ఆ ఒక్కరూ నేను కాదు. నూకరత్నం! యాభై ఏళ్లు కావస్తోంది, ఇది రాస్తుంటే ఇప్పటికీ కడుపు మండుతోంది.

డెబ్బైల చివరి రోజులు... విశాఖ హార్బరు పక్కన జాలరిపేట మాది. నూకరత్నం మేనమామ పోర్టులో ఓడల సరుకు దించే కలాసీ. ఒకసారి ఫ్రాన్సు ఓడలో వచ్చిన నావికుడెవరో ఆయనకి ఒక సినిమా పుస్తకం ఇచ్చాడు. పుస్తకం నిండా ఒక్క హీరోయే... తల్లి ఒళ్లో ఉన్నప్పటి నుంచి జుట్టు నెరిసేదాకా ఫొటోలే ఫొటోలు. అది తిన్నగా నూకరత్నం చేతిలో పడింది. మా నాన్న కూడా రోజూ సముద్రం మీదికే వెళ్లేవాడు, ఏం లాభం? మా ఇంటికి చేపలే వచ్చేవి.

నూకరత్నం ఆ బొమ్మలన్నీ కత్తిరించి, గంజి రాసి నోటుపుస్తకంలో అంటించుకుంది. అందులోని భాష మాకెవరికీ రాదు. హీరో పేరు కూడా తెలీదు. "దొరబాబు" అని తనే పేరు పెట్టేసింది. ఆ హక్కు దానికెవరిచ్చారో!

ఇక రోజూ సాయంత్రం దొరబాబు జీవితం... చిన్నప్పుడు సైకిలు మీద రొట్టెలు అమ్మాడట. నాటకాల్లో చేరాడట. సినిమాల్లో మొదట దొంగ వేషాలు, తర్వాత సోల్జరు, ఆ తర్వాత చర్చిలో ఫాదరు. "ఫాదరైతే మరి పెళ్లెలా సేసుకున్నాడే?" అని నేను అడ్డం పడితే, "అది యేసం, ఇది పెళ్లి. ఆమాత్రం తెలీదేటి?" అనేది. అందరూ నన్ను చూసి నవ్వేవారు.

ఒక్క ఫొటో మాత్రం వేషం కాదని దాని పట్టు. దొరబాబు పడవ పక్కన కూర్చుని వల బాగుచేస్తున్న ఫొటో. "ఈడు మనోడే... జాలరోడు. ఈడి సిన్నప్పుడు ఆల నాన్న ఏటకెల్లి రానేదు. ఈడు సినిమాల్లో పేరు తెచ్చుకున్నాక, ఆ పేరు ఇని ఆల నాన్న ఎతుక్కుంటా ఒచ్చీసినాడు" అంటూ చివరి పేజీ తిప్పేది. అందులో ఒక ముసలాయన దొరబాబు భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉంటాడు. అక్కడికొచ్చేసరికి ఎవరూ కిక్కురుమనేవారు కాదు. ఎందుకంటే నూకరత్నం నాన్న కూడా, దానికి ఆరేళ్లప్పుడు వేటకెళ్లి తిరిగి రాలేదు.

నాకు ఇదంతా తెలుసు. తెలిసీ కుళ్లుకున్నాను... ఆ పుస్తకం నాదైతే ఎంత బాగుండేదో అని తప్ప ఇంకో ఆలోచన లేదు.

ఒకరోజు నూకరత్నాన్ని బతిమాలి ఆ నోటుపుస్తకం ఇంటికి తెచ్చాను. మా నాన్న వల బాగుచేస్తూ కూర్చున్నాడు. కాలి బొటనవేలికి వల తగిలించి, బిగించి లాగి, సూది ఆడించడం మావాళ్ల పద్ధతి. ఫొటో చూసి పకపకా నవ్వాడు.

"బూట్లేసుకుని వలేటి బాగుసేత్తాడే? బొటనేలు నేకండా వలెలాగ నిలుత్తాది? ఈడు జాలరోడు కాదు బుల్లీ, ఉత్త యేసగాడు."

అబ్బ... ఆ మాట నాకు పాయసంలా ఉంది! సాయంత్రం అందరి ముందూ ఫొటో ఎత్తి చూపించి, నాన్న చెప్పింది చెప్పేశాను. అక్కడితో ఊరుకున్నానా? "ఈడు జాలరోడే కాదు. ఆ ముసలోడు ఈడి నాన్నెలాగవుతాడు? నువ్వన్నీ అబద్దాలు సెప్పినావు" అనేశాను.

నూకరత్నం ఏడవలేదు. పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఇసకలోకి రాలేదు, వాళ్లమ్మతో చేపల గంపెత్తుకుని అమ్మకానికి వెళ్లిపోయేది. దాని చోట్లో నేను కూర్చుని దొరబాబు కథ మొదలెట్టాను... కాసేపటికే ఒక్కొక్కరూ లేచిపోయారు. కథ ఎలా నడిచిందో అంతా తెలుసు నాకు. అయినా నా నోట్లో అది చచ్చిపోయింది.

మొన్నీమధ్య మా మనవరాలి ఫోన్లో ఆ మొహం కనిపించింది. దొరబాబే! పిల్ల అంతా తెలుగులో చదివి వినిపించింది. సినిమాల్లోకి రాకముందు నిజంగానే కొన్నాళ్లు చేపల పడవల మీద పని చేశాడట. అక్కడి చలికి వల బాగుచేసేవాళ్లు కూడా బూట్లు వేసుకునే కూర్చుంటారట. మా నాన్న చూసింది మన సముద్రమొక్కటే. నేను అదీ చూడలేదు, నూకరత్నం మొహం ఎలా మాడుతుందా అనే చూశాను.

ఆ ముసలాయన ఫొటో కూడా ఉంది. ఏదో సినిమా డైరెక్టరట. దొరబాబు నాన్న దర్జీ, ఎన్నడూ సముద్రం మీదికి వెళ్లలేదట.

మర్నాడే మనవరాలిని వెంటబెట్టుకుని నూకరత్నం ఇంటికి వెళ్లాను. గోపాలపట్నం మార్కెట్లో చేపలమ్మి అప్పుడే వచ్చింది. పడవల సంగతి, బూట్ల సంగతి చెప్పి, "తప్పు నాదేనే" అన్నాను. అదంతా దానికి పట్టలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని ఒక్కటే అడిగింది.

"ఒలే పైడీ... ఆ ముసలాయనెవులంట?"

మనవరాలు నోరు తెరవబోయింది. దాని చెయ్యి గట్టిగా నొక్కాను.

"ఆల నాన్నేనంట... నువ్వు సెప్పినట్టే. ఒచ్చీసినాడంట."

 నూకరత్నం లేచి ట్రంకు పెట్టెలోంచి ఆ నోటుపుస్తకం తీసింది! మొదటి పేజీ నుంచి కథ మొదలు... రొట్టెలు, సైకిలు, దొంగ వేషాలు... ఫోను పక్కన పడేసి మా మనవరాలు దాని ఒళ్లోకి వాలిపోయింది. నేను ఎన్ని కథలు చెప్పినా ఊ కొట్టని పిల్ల! మళ్లీ అదే మంట, కడుపులో.

ఇప్పుడు ఎవరి జీవితమైనా ఫోన్లో నొక్కితే వచ్చేస్తోంది... నిజమేమిటో పక్కనే రాసి ఉంటోంది. ఆ నిజం ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో మాత్రం అందులో ఉండటం లేదు.

మీరూ ఇలా కుళ్లుకున్న నేస్తం ఎవరైనా ఉంటే కింద రాయండి... రాసే ముందు ఒకసారి వాళ్లింటికి వెళ్లి రండి.