సిమెంటు పడని మేస్త్రీ

పోయిన నెల ఒక ఉదయం, ఆఫీసుకు పోదామని పట్టాభిరామ్ స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉండగా, మామ పోయాడని ఫోన్ వచ్చింది. చేసింది తిరువళ్ళూరులో ఆయన పనిచేసే సైకిల్ స్టాండ్ యజమాని. పొద్దున్నే రావలసిన మనిషి రాకపోయేసరికి గదికి వెళ్ళి చూశాడట. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మామ ఫోన్లో తన నంబరు, నా నంబరు తప్ప ఇంకెవరివీ లేవని కూడా ఆయన చెప్పాడు. ఆ మాట విన్నాక వచ్చిన రైలు వచ్చినట్టే వెళ్ళిపోయింది, నేను ఎక్కలేదు.

మామ మా అమ్మకు తమ్ముడు. తిరువాలంగాడు దగ్గర మాకున్న కాస్త చేను అక్కాతమ్ముళ్ళిద్దరికీ చాలదని చిన్నప్పుడే మేస్త్రీ పనిలో చేరాడు. గోడ పూత ముగిశాక దాన్ని అరచేత్తో ఒకసారి నిమిరితే గానీ ఆయనకు తృప్తి ఉండేది కాదు. మా ఇంటికొస్తే అదే అరచెయ్యి నా తలమీద పెట్టేవాడు. గరుగ్గా ఉండేది, నాకు ఇష్టంగా ఉండేది.

ఏళ్ళ తరబడి ఆ చేతులకు ఏమీ కాలేదు. తర్వాత ఒక ఎండాకాలం వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. చర్మం మందమై, పగిలి, నీరు కారేది. పని చేసిన రోజు కాదు, ఆ మర్నాడో ఆ పైరోజో ఎక్కువయ్యేది. అందుకే సిమెంటు మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఊరికే కూర్చుంటే తన ఒంటికి పడదని మామ నవ్వి, సెలవు రోజు కూడా పనికి పోయేవాడు.

పెద్దరోగమని, అంటే కుష్ఠని, ఎవరో అన్నారు. మిగిలినవాళ్ళు నమ్మారు. కూలివాళ్ళు ఆయన చేతినుంచి ఇటుక అందుకోవడం మానేశారు. టీ కొట్టులో గాజుగ్లాసు ఇవ్వడానికి తటపటాయిస్తుంటే, మామ తనే ఒక స్టీలు గ్లాసు సంచిలో వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు.

అప్పుడే ఆర్.కె.పేట నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి మా ఇంట్లో కూర్చుని కులాసాగా మాట్లాడాడు. మామ తాంబూలం పళ్ళెం అందించాడు. ఆయన ఆ వేళ్ళకేసి చూసి, ఇంటికెళ్ళి ఆలోచించి చెబుతామని లేచాడు. వాళ్ళు వెళ్ళాక పళ్ళేన్ని మామే లోపలికి తీసుకెళ్ళాడు. ఆ తర్వాత పెళ్ళి మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నేను కాలేజీకి వచ్చాక అమ్మ పోరు పెడితే ఆయన్ను మద్రాసులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ ఆయన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. మామ వెనక్కి లాక్కోబోయాడు.

"వద్దు మేడం, అంటుకుంటాది."

ఆమె వదల్లేదు. ఆయన వీపు మీద రకరకాల పదార్థాలు పెట్టిన పట్టీలు అంటించి, రెండు రోజులు స్నానం చేయొద్దని పంపింది. మళ్ళీ వెళ్ళినప్పుడు తీసి చూస్తే ఒక్కచోట మాత్రం ఎర్రగా ఉబ్బి ఉంది. అది తడి సిమెంటులో ఉండే ఒక లవణమట. క్రిములతో పోరాడవలసిన మన లోపలి రక్షణ శక్తి ఆ లవణాన్ని శత్రువనుకుని మీద పడుతుందని, ఆ పోరులో దెబ్బతినేది సొంత చర్మమేనని ఆమె ఓపిగ్గా చెప్పింది. ఒకసారి అలా పొరపడితే ఒళ్ళు ఇక మరిచిపోదట. ఆరిన గోడను ముట్టుకోవచ్చు, తడి సిమెంటు జోలికి మాత్రం పోకూడదు. తోలు పదును చేయడానికీ అలాంటి లవణమే వాడతారు గనక తోలు చెప్పులూ వద్దంది. అన్నిటికంటే ముఖ్యం, అది ఎవరికీ అంటుకోదంది.

తిరుగు రైలు ఆవడి దాటాక మామ నా వైపు తిరిగాడు.

"అయితే అంటుకునేది కాదు కదా పాపా?"

"కాదు మామా. ఆర్.కె.పేట వాళ్ళకి పోయి చెప్పేసి వద్దామా?"

"ఆ పిల్ల ఈపాటికి బిడ్డల తల్లి అయ్యుంటాది. వదిలేయ్."

తాపీని ఎవరికో ఇచ్చేశాడు. స్టాండులో టోకెన్లిచ్చే పనిలో చేరాడు. నేను ఉద్యోగానికి తిరువళ్ళూరు నుంచి వెళ్ళివచ్చిన రోజుల్లో, వాన పడితే నా బండి సీటు మీద గోనెపట్టా కప్పి ఉంచేవాడు. సాయంత్రం ఎంత ఆలస్యమైనా నాకోసం పొడి సీటు ఎదురుచూస్తూ ఉండేది. పాత పని గుర్తొస్తుందా అని ఒకసారి అడిగాను.

"సిమెంటు మీద నాకేం కోపం లేదు పాపా. అన్నం పెట్టినాది. నా ఒళ్ళే దాన్ని తప్పుగా అనుకునింది, ఏం చేసేది."

కొన్నాళ్ళకు చేతులు మానాయి. మచ్చలు కూడా దాదాపు పోయాయి. అలవాట్లు మాత్రం పోలేదు. టోకెన్ను ఎవరి చేతిలోనూ పెట్టేవాడు కాదు, చెక్కమీద పెట్టి ముందుకు జరిపేవాడు. స్టీలు గ్లాసు సంచిలోనే ఉండేది. నా పెళ్ళిలో అక్షింతలు దూరం నుంచే వేశాడు. దగ్గరికి రమ్మంటే, ఫొటోలో తను బాగుండనన్నాడు.

ఏడాదికి ఒక్కరోజు, ఆడికృత్తిక పండగకు మాత్రం సెలవు పెట్టి తిరుత్తణి కొండకు పోయేవాడు. అది భక్తి అనుకునేదాన్ని. పోయినేడు నేనూ వెంట వెళ్ళాను. కింద, కావళ్ళు మోసే భక్తుల మధ్య ఊపిరాడని రద్దీలో నిలబడి నాతో మెల్లగా అన్నాడు.

"ఈ రోజు ఈడ ఎవురు ఎవురి మీద పడినా ఏమీ అనరు పాపా. అందుకే వస్తా."

మెట్ల దగ్గర ఒక ముసలావిడ, ఎవరో తెలియదు, పక్కనున్నది ఎవరని కూడా చూడకుండా మామ మణికట్టు పట్టుకుంది. తమిళంలో, మెల్లగా నడువు నాయనా అంది. మామ నాకేసి చూశాడు. తర్వాత ఆమె అడుగుకు తన అడుగు కలిపి ఎక్కసాగాడు. సగం దూరంలో ఆమె పట్టు జారితే, ఈసారి ఆయన వేళ్ళలో వేళ్ళు దూర్చి బిగించింది. పైకి చేరాక చెయ్యి వదిలి, వెనక్కి చూడకుండా వరసలోకి వెళ్ళిపోయింది.

వెనకనుంచి జనం తోసుకుంటూ వస్తున్నారు. మామ కదల్లేదు. ఆమె వదిలిన చోటే, గాలిలో, వేళ్ళు కొంచెం విడివడి ఆ చెయ్యి అలాగే ఉంది.