చేపలకు ఆకలి అనుకున్నాను

బొగ్గుబాయి నుంచి రిటైరయ్యాక, దమ్మపేట దగ్గర మా అత్తగారి ఊళ్లో చేపల చెరువు తవ్వించాను. మొదటి తప్పు చేపపిల్లల్ని వదిలేటప్పుడే చేశాను. ఫిషరీస్ మేడమ్ ఎకరానికి ఇన్నే వేయమని చెప్పింది. చల్లిన విత్తనాలన్నీ మొలుస్తాయా, వేసిన పిల్లలన్నీ బతుకుతాయా అనుకుని నేను రెట్టింపు వేశాను. నా ఖర్మ కొద్దీ అన్నీ బతికాయి.

ముసురు పట్టిన రోజుల్లో తెల్లారేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచేవి. నేను గట్టెక్కగానే గుంపులు గుంపులుగా కనబడుతుంటే నా కడుపు నిండిపోయేది. నన్ను గుర్తుపట్టాయనుకున్నాను. ఆకలేస్తోంది కాబోలని తవుడు పెంచాను. మర్నాడు ఇంకా ఎక్కువ తేలాయి. ఇంకా పెంచాను.

కోస్తా నుంచి వచ్చి మా పక్కన పొలం కొన్న రైతు చూసి, "మేత చాలట్లేదు అన్నయ్యా, వేరుశనగ చెక్క కూడా కలపండి" అన్నాడు. మా ఆవిడ దోసిట్లో నీళ్లు తీసి చూసి, "గింత పచ్చగున్నయేంది? జర పెట్టుడు ఆపు" అంది. ఆపితే మాడి చస్తాయేమో. పెడుతుంటే తేలుతున్నాయి. ఎవరి మాట వినాలో తెలియక ఒక రోజు పెట్టి ఒక రోజు మానేశాను. ఇద్దరూ నన్ను తిట్టారు.

ఒక పొద్దున ఏడెనిమిది బొచ్చె చేపలు చచ్చి వెల్లకిలా తేలాయి. వెంటనే మేడమ్‌కి ఫోన్ చేశాను.

"ఎండెక్కాక కూడా పైనే ఉంటున్నాయా?" అని అడిగింది.

"లేదు మేడమ్. ఎండొస్తే కిందికి పోతయ్."

"అయితే అది ఆకలి కాదండీ. తెల్లారేసరికి నీళ్లలో గాలి అయిపోతోంది. మిగిలిన మేత కుళ్లి, ఉన్న గాలిని కూడా లాగేస్తోంది. పిల్లల్ని ఎక్కువ వేశారా?"

రెట్టింపు వేశానని ఒప్పుకున్నాను. బాయిలో నా డ్యూటీయే గాలి చూడడం. సేఫ్టీ దీపం మంట కుంగిందంటే మనుషుల్ని వెనక్కి పంపేసేవాణ్ని. అలాంటి నేను, ఊపిరాడక నోరు తెరిచినవాటికి తవుడు పోశాను. చెప్పుకోలేనంత సిగ్గేసింది.

మేత ఆపి, బోరు నీళ్లు పైపుతో పైనుంచి చిమ్మించాను. నీళ్లు కాస్త తేరుకున్నాక సగం చేపల్ని పట్టి తీసేయమంది మేడమ్. అప్పుడే మిగతావి బతుకుతాయట. "ఎదగని చేపను పడతారా ఎవరైనా?" అన్నాడు పక్క రైతు. నాకూ అదే అనిపించింది. వల లాగుతుంటే రెండుసార్లు ఆపమన్నాను. రెండుసార్లూ మా ఆవిడే లాగమంది.

మర్నాడు తెల్లవారుజామున వెళ్లి చూస్తే నీళ్ల మీద ఒక్క చేప లేదు. సంతోషించాలో భయపడాలో తెలియలేదు. చచ్చిన చేప ముందు మునుగుతుందని, తర్వాతే తేలుతుందని విన్నాను.

"తేలకుంటే మంచిదే గదా, ఇంకేంది?" అంది మా ఆవిడ.

"అవ్" అన్నాను కానీ కాలు నిలవలేదు. లుంగీ ఎగ్గట్టి నడుం లోతు దాకా దిగి, కదలకుండా నిలబడ్డాను. చాలాసేపు ఏమీ లేదు. అంతలో మోకాలికి ఏదో గట్టిగా కొట్టుకుని, సర్రున జారిపోయింది. వెంటనే ఇంకోటి.

"ఉన్నయే! ఉన్నయ్!" అని గట్టు మీదికి అరిచి, ఆ నీళ్లలోనే ఏడ్చేశాను.