పధ్నాలుగో నంబరు స్పానర్

విరిగిన స్పానర్ ముక్కలు రెండు నలభై ఏళ్లుగా నా దగ్గర ఉన్నాయి. తూకం వేస్తే పావుకిలో ఉంటాయేమో. అయినా ఇల్లు మారిన ప్రతిసారీ వాటిని సామాను పెట్టె అడుగున సర్దుతుంటే చెయ్యి లాగేసేది. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

పనిలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో నా నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పెద్దగా తగ్గలేదు, నిజం ఒప్పుకోవాలి కదా. డెబ్భైల చివర్లో మల్కాపురంలో ఉండేవాళ్లం. వారమంతా ఓడరేవు వర్క్‌షాపులో ఫిట్టర్‌ని. ఆదివారం వస్తే, పాతది కొనుక్కున్న నా కారు బానెట్ లేపి ఇంటి ముందు కూర్చునేవాణ్ణి. వీధి వీధంతా చుట్టూ చేరేది. నట్టు మొహం చూసి అది ఎలా ఊడుతుందో చెప్తానని కోతలు కోసేవాణ్ణి. కోతలని తీసిపారెయ్యకండి, చాలావరకు నిజమే. అంచులు అరిగితే ఫ్లాట్ స్పానర్ జోలికి పోకూడదు, నట్టుని చుట్టూ పట్టే రింగు స్పానర్ వెయ్యాలి. తుప్పు పడితే కిరసనాయిలు పోసి గంట ఆగాలి. చోటు మరీ ఇరుకైతే స్పానర్‌ని కాల్చి వంచుకోవాలి. ప్రతి ఫిట్టర్ దగ్గరా అలాంటి వంకరవి రెండో మూడో ఉండేవి. అయితే మాలో ఒక కట్టుబాటు ఉంది. వంచితే అరిగిపోయినదాన్నే వంచాలి, అదీ సొంతదాన్నే.

పక్కింటి డేనియల్ కూడా మా వర్క్‌షాపులోనే ఫిట్టరు. ఇది అతని అసలు పేరు కాదు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్లం. ఎప్పుడో ఒక విదేశీ ఓడ ఇంజినీరు అతని పని మెచ్చి రింగు స్పానర్ల సెట్టు ఇచ్చి వెళ్లాడు. దాన్ని గుడ్డలో చుట్టి, పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకునేవాడు. నేను అడిగితే మాత్రం కాదనేవాడు కాదు.

ఆ ఆదివారం చర్చికి వెళ్తూ సెట్టు నా చేతికిచ్చాడు. సైలెన్సర్ గొట్టం ఇంజన్‌ని కలిసేచోట, వెనకవైపు ఒక నట్టు. చెయ్యి దూరితే స్పానర్ దూరదు. స్పానర్ దూరితే తిరగదు. నా వంకర స్పానర్లేవీ దానికి అందలేదు. చూసేవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. డేనియల్ వచ్చేదాకా ఆగితే నాకేం పోయేది? పరువు పోతుందనుకున్నాను. అతని పధ్నాలుగో నంబరు స్పానర్ని పెరట్లోకి పట్టుకెళ్లి, బ్లోలాంపు మంట మీద ఎర్రగా కాల్చి వంచాను. మూడు నిమిషాల్లో నట్టు ఊడింది. స్పానర్ నాదే అనుకుని అందరూ భేష్ అన్నారు.

ఇంతలో చర్చి వదిలే వేళయింది. మళ్లీ కాల్చి, సుత్తితో కొట్టి తిన్నగా చేశాను. చల్లారేదాకా ఆగలేక బకెట్లో ముంచేశాను. ఎర్రగా కాలిన ఉక్కుని అలా ముంచితే గాజులా పెళుసైపోతుంది. ఆ కంగారులో అది తట్టలేదని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! తట్టింది. బాగా తట్టింది. అయినా గరుకు కాగితంతో రుద్ది, నూనె రాసి, గుడ్డలో చుట్టి ఇచ్చేశాను.

రెండు నెలల తరవాత వర్క్‌షాపులో డేనియల్ ఒక బోల్టు బిగిస్తుంటే ఆ స్పానర్ మెడ దగ్గర విరిగింది. చెయ్యి వెళ్లి ఇనప అంచుకి కొట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను. విరిగినచోట పంచదార పలుకుల్లా మెరుస్తోంది. ఏ ఫిట్టర్ చూసినా అది కాల్చిన స్పానరని ఇట్టే చెప్పేస్తాడు. ముందు ఆ ముక్కలు రెండూ ఏరి జేబులో వేసుకున్నాను. ఆ తరవాతే అతని చేతికి గుడ్డ కట్టాను. కుడిచేతి వేళ్లు రెండు మళ్లీ మడత పడలేదు.

చూడ్డానికి ఇంటికి వెళ్తే మంచం మీద లేచి కూర్చున్నాడు.

"తప్పు నాదే బావా. ఇన్నేళ్ల అనుబవం ఉండి అంత జోరుగా లాగీసినాను. స్పానర్ ఏటి సేత్తాది?"

"మరే బావా. నువ్వు కొంచిం నిదానంగా లాగవలిసింది," అన్నాను.

నోరు మూసుకుని ఉన్నా సరిపోయేది. నేను అతనికి బుద్ధి చెప్పాను!

ఆ చేత్తో ఇక ఫిట్టర్ పని కుదరదని అతన్ని స్టోరులో, స్పానర్లు ఇచ్చే కిటికీ దగ్గర వేశారు. రిటైరయ్యేదాకా అక్కడే. కొత్తగా చేరినవాళ్లెవరికి స్పానర్ ఇచ్చినా, మడత పడని వేళ్లు చూపించి, "జోరు సేత్తే ఇలాగే అవుద్ది, నాను సేసిన తప్పు మీరు సెయ్యకండి," అనేవాడు. ఎనభైలు గడిచినన్నాళ్లూ వాళ్ల వెనక వరసలో నిలబడి విన్నాను. ఒక్కసారైనా ముందుకెళ్లి నిజం చెప్పలేదు. ఎంత బిగుసుకున్న నట్టునైనా ఊడదీసేవాణ్ణే, నా నోరు ఊడిరాలేదు.

చివరిదాకా తన చేతినే తిట్టుకుంటూ భీమిలిలో కూతురింట్లో పోయాడు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగింది కాదు, ఇవ్వగలిగినవాడు లేడు. కానీ ఒక్కమాట ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. డేనియల్ ఎక్కువ బలం పెట్టలేదు. అతని చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదు. స్పానర్ కాల్చింది నేను.

ఇవాళ ఆ ముక్కలు రెండూ తీసి ముందుగది బల్లమీద పెట్టాను. ఎవరైనా వచ్చి ఇవేమిటని అడిగితే చెప్తాను.